బొటనవేలి కింద వాగ్దానం

ఎలిశబెతు చేతిలో పడితే పారేసే వస్తువంటూ ఉండదని పాలెంలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. అరిగిన చెప్పు మడమ, చేప పొలుసు, వరిగడ్డి, ఎవరిదో పెళ్ళి శుభలేఖ వెనకవైపు, సబ్బుకు చుట్టిన రంగు కాగితం, ఏదైనా సరే, ఆమె గడప దాటి లోపలికి పోయిందంటే తిరిగి బయటికొచ్చేది కార్డు అయ్యే. చేతికి తగ్గ నోరు కూడా ఇచ్చాడు దేవుడు. పక్కింటి కోడి వచ్చి ఆరబెట్టిన అట్టముక్కలు తొక్కితే ఆ కోడినీ, కోడిగలవాళ్ళనీ, వాళ్ళ పెద్దల్నీ కలిపి దులిపేసేది. అలాంటి మనిషి, ఎవరైనా పనితనం మెచ్చుకుంటే మాత్రం తల వంచుకుని, "నాదేముండాది, ఆయన చేయిస్తుండాడు, నేను చేస్తుండా" అనేది. ఆలోచించి అనే మాట కాదు, అలవాటుకొద్దీ నోటికొచ్చే మాట. అదే మాట ఒకరోజు తన మెడకు చుట్టుకుంటుందని ఆమెకేం తెలుసు పాపం.

మైపాడు పోయే రోడ్డు మీద, ఉప్పు కాలువకు ఇవతల ఉంటుంది ఆ పాలెం. అందరూ క్రైస్తవులే. అక్కడ కొత్త సంవత్సరం వస్తుందంటే కొత్త బట్టల కంటే ముందు మాట్లాడుకునేది వాగ్దానం కార్డుల గురించి. జనవరి ఒకటో తారీఖు పొద్దున చర్చిలో ఆరాధన ముగిశాక ఇత్తడి పళ్ళెంలో కార్డులు బోర్లించి తెస్తారు. ఒక్కో కార్డు మీద బైబిలులో దేవుడిచ్చిన మాట ఒకటి రాసి ఉంటుంది. ప్రార్థన చేసి, కళ్ళు మూసుకుని ఒకటి తియ్యాలి. చేతికి ఏది వస్తే అది ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషితో చెప్పినట్టు. దాన్ని గోడకు అతికించుకుంటారు, బైబిలులో దాచుకుంటారు, జ్వరమొస్తే తలగడ కింద పెట్టుకుంటారు. పట్నంలో అచ్చువేసిన కార్డులు దొరుకుతాయని తెలిసినా ఆ పాలెంలో ఎవరికీ అవి ఆనవు. ఎలిశబెతు చేసినవే కావాలి.

చిన్నప్పుడు నెల్లూరు మిషను బోర్డింగులో ఒక దొరసాని దగ్గర నేర్చుకున్న పని అది. చెప్పులు చేసే క్రీస్తుదాసు మడమలకు వేసే మెత్త రబ్బరులో మిగిలిన ముక్కలు తెచ్చిస్తాడు. వాటి మీద బొమ్మ గీసి, సగానికి విరిచిన బ్లేడుతో గీత చుట్టూ ఉన్న రబ్బరంతా చెక్కేస్తుంది. పైకి నిలబడ్డ బొమ్మను ఊదా సిరా పీల్చిన గుడ్డ మీద అద్ది అట్ట మీద ఒత్తితే ముద్ర పడుతుంది. ముద్రతో ఊరుకునే మనిషి కాదావిడ. పడవ ముద్ర అయితే వరిగడ్డి చీల్చి, నానబెట్టి, వేడి చెంబుతో చదును చేసి తెరచాపగా అంటిస్తుంది. పువ్వయితే, సున్నపు నీళ్ళలో నీచువాసన పోయేదాకా కడిగిన చేప పొలుసులు రేకులవుతాయి. చుక్క అయితే, గూడూరు వైపు గనుల నుంచి లారీ తోలే మస్తానయ్య తెచ్చిచ్చే అభ్రకం తునకలు పొరలు పొరలుగా విడదీసి అతికిస్తుంది. ఆఖరున పాళీ ముంచి వాక్యం రాస్తుంది. ఏ వాక్యం రాయాలన్నది ఆమె ఇష్టమే. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

పందొమ్మిది వందల అరవై రెండు చివర్లో క్రీస్తుదాసు కూతురు ఏసుమణి కాలు వాచింది. పదిహేనేళ్ళ పిల్ల. పీతల కోసం కాలువ బురదలోకి దిగితే ఏదో చేప ముల్లు మడమ పైన దిగబడింది. పైకి పుండు మాని, లోపల చీము ఎముక దాకా పోయింది. తల్లి మగ్దలీనమ్మ ఉంటే మొదట్లోనే గోల చేసి ఉండేది. ఆమె పోయి నాలుగేళ్ళయింది. నెల్లూరు ఆసుపత్రిలో కాన్పు కష్టమై ఆపరేషన్ చేస్తే, తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. అందుకే క్రీస్తుదాసుకు ఆసుపత్రి పేరెత్తితే ఒళ్ళు జలదరిస్తుంది. ఎలిశబెతుకూ అతనికీ రక్తసంబంధం లేకపోయినా అక్కా తమ్ముడూ వరస. ఆ చనువుతోనే తిట్టి, బతిమాలి, చివరికి చెయ్యి పట్టి లాక్కెళ్ళినంత పనిచేసి పిల్లను డాక్టరుకు చూపించింది. ఆపరేషన్ చేసి చీము తియ్యాలి, జనవరి రెండో తారీఖున తీసుకురండి, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు అన్నాడు డాక్టరు. క్రీస్తుదాసు ఎలాగో ఒప్పుకున్నాడు.

ఒప్పుకోనిది పిల్ల. కత్తి పెడతారంటే చాలు, వణికిపోయేది. అమ్మ అక్కడికి పోయే కదా రాలేదు అనేది. ఎలిశబెతు మంచం పక్కన కూర్చుని ఎన్ని చెప్పినా దాని చెవికెక్కలేదు. ఇంటికొచ్చి కార్డుల పనిలో కూర్చున్నా పిల్ల మొహమే కనిపించింది. అప్పుడే తోచింది ఆమెకు. స్వస్థత వాక్యం రాసిన కార్డు దాని చేతికి వస్తే! దేవుడే బాగుచేస్తానన్నాడని నమ్మితే ధైర్యంగా ఆసుపత్రికి పోతుంది కదా! ఇందులో తప్పేముంది, పసిపిల్లకు ధైర్యం చెప్పడమే కదా అనుకుంది. మంచి మనసుతో చేసే తప్పును మనం తప్పని పిలవం, అదీ మన తెలివి.

చుక్క ముద్ర కొత్తగా చెక్కింది. పిల్ల వేళ్ళకు తగలాలని అభ్రకం మామూలు కంటే మందంగా అతికించింది. రోగం మాన్పుతానని దేవుడు చెప్పిన మాట పెద్ద అక్షరాలతో రాసింది.

ఒకటో తారీఖు చర్చిలో ఆడవాళ్ళ వరసకు పళ్ళెం పట్టుకుని తిరిగేది ఎప్పుడూ ఎలిశబెతే. ఆ కార్డును పళ్ళెం అంచున, తన బొటనవేలి కింద నొక్కిపెట్టుకుంది. ఒక్కొక్కరే తీసుకుంటున్నారు. పిల్లను గోడకు ఆనించి కూర్చోబెట్టారు. దాని దగ్గరికొచ్చేసరికి ఎలిశబెతు వేలు ఎత్తి పళ్ళేన్ని కొంచెం వంచింది. కార్డు జారి కళ్ళు మూసుకున్న పిల్ల వేళ్ళకు తగిలింది. ఆరాధన నడిపే ఉపదేశిగారు అందుకుని గట్టిగా చదివారు. పిల్ల మొహం వెలిగిపోయింది. ఎలిశబెతుకు ప్రాణం లేచొచ్చింది.

అంతలో మగవాళ్ళ వరసలోంచి క్రీస్తుదాసు లేచి నిలబడ్డాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. సాక్ష్యం చెప్పాలన్నాడు. నాలుగేళ్ళ కిందట మగ్దలీనమ్మకు ఇదే పళ్ళెంలో ఊరకే ఉండమని, దేవుడే చూసుకుంటాడని కార్డు వచ్చిందట. తాను ఆ మాట వినకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళి భార్యను చేతులారా పోగొట్టుకున్నాడట. ఇప్పుడు దేవుడు మళ్ళీ నోరు తెరిచి చెప్పాడు, ఈసారి విననా అన్నాడు. పిల్లకు కత్తి తగలనివ్వను, రేపు నెల్లూరు పోవడం లేదు అన్నాడు. చర్చి మొత్తం స్తోత్రం చెప్పింది. ఆ క్షణంలో ఎలిశబెతు నోరు విప్పి ఉంటే సరిపోయేది. అంతమంది ఎదుట మొహం చెల్లక, నోరున్న ఆ మనిషి కిక్కురుమనకుండా నిలబడిపోయింది.

రెండో తారీఖు బస్సు వాళ్ళ కోసం ఆగి వెళ్ళిపోయింది. మర్నాటికి పిల్లకు జ్వరం హెచ్చింది. కాలు మోకాలి దాకా నల్లబారింది. పాలెంలో వాళ్ళు వచ్చి ప్రార్థన చేసి పోతున్నారు. పిల్ల ఆ కార్డును గుండెల మీద పెట్టుకుని, నొప్పి వచ్చినప్పుడల్లా అభ్రకం చుక్కను వేలితో తడుముకుంటోంది. ఎలిశబెతు అది చూసి ఇక తట్టుకోలేకపోయింది. నా పరువు పోతే పోయింది అనుకుని నేరుగా క్రీస్తుదాసు దగ్గరికి వెళ్ళింది.

అతను చూరు కింద కూర్చుని రబ్బరు కోస్తున్నాడు. ఆమె నిలబడే చెప్పేసింది.

"దాసూ, ఆ కార్డు దేవుడిచ్చింది కాదు. నేనిచ్చినా. వేలి కింద దాచిపెట్టుకోని, పిల్ల చేతికి జార్చినా. ధైర్యంగా ఆసుపత్రికి పోతుందని చేసినా గాని, నువ్వు మానేస్తావని చెయ్యలేదు."

అతను కోస్తున్న మడమ పూర్తి చేసి, కత్తి పక్కన పెట్టాడు. కోప్పడతాడనుకుంది, తిడతాడనుకుంది. అతను జాలిగా చూశాడు.

"ఆ వేలు ఎవురిది అక్కా? నీదేముండాది, ఆయన చేయిస్తుండాడని నువ్వే కదా ఎప్పుడూ చెప్పేది."

ఏళ్ళ తరబడి ఎలిశబెతు వినయం కింద వాడుకున్న మాట అది. అబద్ధమని ఎలా అంటుంది? నిజమని ఎలా ఒప్పుకుంటుంది? అతను లోపలికి వెళ్ళి బైబిలు తెచ్చి, అందులోంచి మగ్దలీనమ్మ కార్డు తీసి చూపించాడు. చిన్న కార్డు. పడవ ముద్ర, గడ్డి తెరచాప, కింద ఒక్క ముక్కలో వాక్యం. ఒకసారి వినక నీ మరదల్ని పోగొట్టుకున్నా, రెండోసారి నాతో ఆ పని చేయించబాక అన్నాడు. లోపల పిల్ల మూలుగుతోంది. ఎలిశబెతు తలొంచుకుని వెనక్కి వచ్చేసింది.

దారి పొడుగునా ఆ పడవే కళ్ళ ముందు ఆడింది. ఇంటికి రాగానే ముద్రల డబ్బా బోర్లించింది. అడుగున దొరికింది పడవ ముద్ర. తెరచాప కొయ్య దగ్గర బ్లేడు జారి గాటు పడింది. ఆ గాటు చూసేసరికి మగ్దలీనమ్మ పోయిన ఆ ఏడాదంతా గుర్తుకొచ్చింది. ఆ యేడు మంచి అట్ట దొరకలేదు. టీ బంకు నుంచి తెచ్చిన సిగరెట్టు పెట్టెలు కోసి చేసింది. ముక్కలు మరీ చిన్నవి, పడవ ఒత్తాక రాయడానికి చోటే లేదు. బైబిలంతా తిరగేసి పొట్టి వాక్యం ఒకటి వెతుక్కుంది. ఎన్ని కార్డులకని కొత్తవి వెతుకుతుంది, చేతులు నొప్పి పుట్టి, విసుగొచ్చి, పడవ కార్డులన్నిటి మీదా అదే రాసి పారేసింది. ఒకే మాట ఇంతమందికి వస్తే ఏమనుకుంటారో అని అప్పుడొక్క క్షణం అనిపించింది కూడా. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఎవరి కార్డు వాళ్ళకు దేవుడి మాట అయిపోయింది.

ఇప్పుడు చెప్పవలసింది అదీ. చెబితే పాలెంలో ఒక్క ఇంట్లో కూడా తన కార్డు నిలవదు. గోడల మీదివి, బైబిళ్ళలోవి, చనిపోయినవాళ్ళ పెట్టెల్లో పెట్టి పంపినవి, అన్నీ ఉత్త రబ్బరు ముద్రలైపోతాయి. బోర్డింగు నుంచి వచ్చినప్పటి నుంచీ ఆమెకు ఈ లోకంలో ఉన్న గౌరవమంతా ఆ కార్డులే. ఆమె ఏడ్చింది. కాసేపు బాగా ఏడ్చి, మొహం కడుక్కుని, తెల్లారగానే ఇంటింటికీ బయల్దేరింది.

ఆ యేటి పడవ కార్డులు ఒక్కసారి ఇమ్మని అడిగింది. ఎందుకని అడిగినవాళ్ళకు తిరిగిస్తానంది, అంతే. కొందరు ఇవ్వలేదు, కొందరు గోడ మీంచి జాగ్రత్తగా ఊడదీసి ఇచ్చారు. పాలెంలో పెద్దాయన సమాధానం తాత చుట్ట తీసి పక్కన పెట్టి, తన కార్డు కళ్ళకద్దుకుని మరీ ఇచ్చాడు. వాటన్నిటినీ చెంగులో పోసుకుని, ముద్రా సిరాగుడ్డా పట్టుకుని క్రీస్తుదాసు చూరు కిందికి వచ్చింది. అతని ముందున్న చెక్కపీట మీద కార్డులు వరసగా పరిచింది. అన్నీ అదే పడవ. కొయ్య దగ్గర అదే గాటు. కింద అదే మాట.

క్రీస్తుదాసు ఒక్కొక్కటీ ఎత్తి చూశాడు. బైబిలు తెచ్చి మగ్దలీనమ్మ కార్డు వాటి పక్కన పెట్టాడు. ఆమె అందించిన ముద్ర తిప్పి చూశాడు. రబ్బరు తనదే. మడమకు కోసిన వంపు ఇంకా ఒక పక్కన అలాగే ఉంది. సిరాగుడ్డ మీద అద్ది చెక్కపీట మీద ఒత్తాడు. గాటు పడ్డ పడవ పడింది. మళ్ళీ ఒత్తాడు. మళ్ళీ అదే పడింది.

"అట్ట దొరకలా ఆ యేడు" అంది ఎలిశబెతు. "సిగరెట్టు పెట్టెలు కోసినా, ముక్కలు చిన్నవి. పొట్టి మాట అయితేనే పట్టింది. విసుగొచ్చి అన్నిటి మీదా అదే రాసినా. సమాధానం తాతకీ అదే వచ్చింది. ఆ యేడే ఆయన అదే ఆసుపత్రిలో కడుపు కోయించుకోని వచ్చినాడు. ఇప్పటికీ చుట్ట కాలుస్తుండాడు."

అతను ముద్ర కింద పెట్టాడు. "అయితే మగ్దలీనకు ఆయన ఏమీ చెప్పలేదా?"

"కార్డులో చెప్పలేదు తమ్ముడా. ఆ మాట నాది, సిగరెట్టు పెట్టెది. నువ్వు దాన్ని చంపుకోలేదు. రోగం చంపింది."

అతను పీట మీద కార్డులన్నీ ఒక్క చేత్తో తోసేశాడు. నాలుగేళ్ళ బరువు దిగిన మనిషి ఊపిరి పీల్చుకుంటాడనుకున్నారేమో, అదేం లేదు. తప్పు తనదని నమ్మినంత కాలం భార్య చావుకు ఒక కారణం ఉంది. ఇప్పుడు అదీ పోయింది. లేచి నిలబడి, ఇక నా ఇంటి గడప తొక్కబాక, నీ కార్డు ఇంకొకటి నా కళ్ళబడకూడదు అన్నాడు. ఆ మాట అంటూనే లోపలికి పోయి, దుప్పటితో సహా పిల్లను భుజాన వేసుకుని బయటికి వచ్చాడు. ఎలిశబెతు గడప తొక్కకుండానే వాళ్ళ వెనక నడిచింది. రోడ్డు మీదికి వచ్చేసరికి మైపాడు నుంచి చేపల గంపలతో బస్సు వస్తోంది.

బస్సులో పిల్ల తల తండ్రి ఒళ్ళో, కాళ్ళు ఎలిశబెతు ఒళ్ళో. కార్డు దాని గుప్పిట్లో. ఇక కార్డుల విషయంలో ఎవరితోనూ అబద్ధం చెప్పకూడదని ఎలిశబెతు గట్టిగా అనుకుంది. పిల్ల అడిగితే దానికైనా సరే నిజమే చెప్పాలి, ఇన్నాళ్ళూ దాచినందుకు జరిగింది చాలు అనుకుంది.

డాక్టరు దుప్పటి తీసి చూసి ఇద్దరినీ కలిపి దులిపేశాడు. రెండో తారీఖున తెస్తే కాలు దక్కేది, ఇప్పుడు కాలు తియ్యక తప్పేట్టు లేదు, ప్రాణం కోసం చూద్దాం అన్నాడు. క్రీస్తుదాసు కాగితం మీద వేలిముద్ర వేశాడు. ముద్ర అలుక్కుపోతే ఇంకోసారి వేయించారు.

పిల్లను తోపుడు మంచం మీద ఎక్కించి ఆపరేషన్ గది ముందు ఆపారు. నర్సు వచ్చి చేతిలోది ఇచ్చెయ్యమంది. పిల్ల ఇవ్వలేదు. ఎలిశబెతు వైపు తల తిప్పింది. జ్వరంతో ఎండిన పెదవులు, ఎర్రబడ్డ కళ్ళు.

"అత్తా, నిజం చెప్పు. ఇది నాకే వచ్చిందా? బస్సులో నాయిన నా మొకం చూడలేదు. నువ్వూ చూడలేదు. ఇది వేరేవాళ్ళదా?"

ఎలిశబెతు నోరు తెరిచింది. నిజం గొంతు దాకా వచ్చింది. మంచం చివర గుడ్డ కింద కాలు ఎత్తుగా కనిపిస్తోంది. ఆ కాలు చూస్తూ నిజాన్ని బయటికి తెచ్చే బలం ఆమెకు చాలలేదు. అబద్ధం కూడా రాలేదు.

అప్పుడు క్రీస్తుదాసు ముందుకొచ్చాడు. పిల్ల గుప్పిట మెల్లగా విప్పి కార్డు తీసుకున్నాడు. రబ్బరు కోసి కోసి కాయలు కాసిన బొటనవేలితో అభ్రకం చుక్కను ఒకసారి రుద్దాడు.

"నీకేనమ్మా" అన్నాడు. "పళ్ళెంలో అన్ని కార్డులుండంగా ఇదే నీ చేతికొచ్చింది. ఆయన నీతో చెప్పిన మాట. నేను దీన్ని పట్టుకోని ఈడనే ఉంటా. ఏడవబాక."

పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. ఏం కనిపించిందో, నమ్మింది. కళ్ళు మూసుకుంది. మంచం లోపలికి పోయింది, తలుపు మూశారు.

క్రీస్తుదాసు గోడకు వీపు ఆనించి కిందికి జారి కూర్చున్నాడు. ఎలిశబెతు దూరంగా నిలబడింది. రమ్మని అతను అనలేదు, పొమ్మనీ అనలేదు. ఆమె వైపు చూడకుండానే అడిగాడు.

"అబద్ధం నీకూ ఇట్టనే వచ్చిందా అక్కా? ఇంత తేలిగ్గా?"

"ఇట్టనే వచ్చింది" అంది ఎలిశబెతు, వెళ్ళి అతని పక్కన కూలబడింది. లోపలి నుంచి పిల్ల ఒక్కసారి అమ్మా అని అరిచింది. మత్తిచ్చారేమో, తర్వాత ఏమీ వినపడలేదు. క్రీస్తుదాసు తలుపు వైపే చూస్తున్నాడు. బొటనవేలు మాత్రం చుక్క మీంచి తియ్యలేదు.